మార్కులు తగ్గితేనే సైకాలజిస్ట్ గుర్తొస్తే ఎలా?

మన ఇళ్లలో మానసిక పరీక్షకు ముహూర్తం పెట్టేవి రెండే. పిల్లలకైతే మార్కులు, పెద్దలకైతే పెళ్లి. ఏడో తరగతి దాకా "కొంచెం బద్ధకం అంతే" అనిపించుకున్న పిల్లాడు ఎనిమిదిలో ఫెయిలయితే అప్పుడు సైకాలజిస్ట్ అపాయింట్‌మెంట్ కోసం పరుగు. ఏళ్ల తరబడి గది దాటని కుర్రాడికి సంబంధాలు చూడబోతే అప్పుడు టెన్షన్. అన్నాళ్లూ అవస్థ పడ్డది ఆ మనిషి, కదిలింది మాత్రం చుట్టూ ఉన్నవాళ్ల పరువుకు ఇబ్బంది వచ్చాకే. సిగ్గు, ఖర్చు కూడా ఆలస్యానికి కారణాలే, కాదనను. కానీ అసలు తప్పు కొలతలోనే ఉందని నా అభిప్రాయం.

డాక్టర్లు వాడే కొలత వేరు. మనిషి మునుపు ఎలా ఉండేవాడు, ఏం మారింది, ఎన్నాళ్లుగా, దానివల్ల రోజువారీ ఏ పని ఆగిపోయింది అని చూస్తారు. డిప్రెషన్ అనడానికి కనీసం రెండు వారాల పాటు లక్షణాలు ఉండాలి. ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం కనిపించే ఏడీహెచ్‌డీకి ఆరు నెలలు, అదీ ఇంట్లో, బడిలో రెండు చోట్లా కనిపించాలి. పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. బడిలో, ట్యూషన్‌లో బుద్ధిగా కూర్చుని ఇంట్లో మాత్రం గంతులేసే పిల్లాడికి ఆ పేరు పెట్టడానికి మంచి సైకాలజిస్ట్ ఎవరూ తొందరపడరు.

మూడేళ్లలోపు పిల్లల విషయంలో మాత్రం ఎదురుచూపులు పనికిరావు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, కావాల్సింది వేలు పెట్టి చూపకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు "అమ్మా రా" అని రెండు మాటలు కలపలేకపోయినా చూపించాలి. వచ్చిన మాటలు పోతే ఆ వారమే వెళ్లాలి. "వాళ్ల నాన్నకీ మాటలు లేటే" అనే మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది, దాని వల్లే ఏడాదో రెండేళ్లో కరిగిపోతాయి. ముందు చెవుల పరీక్ష చేయించడం మరవకూడదు. వినపడని బిడ్డకు మాటలు ఎక్కణ్నుంచి వస్తాయి? పైన చెప్పిన లక్షణాల వెనక ఆటిజం, అంటే మాట, నలుగురితో కలిసే తీరు ఎదగడంలో తేడా, ఉండొచ్చు. దాని తీవ్రతను కొలవడానికి మన దేశంలో వైకల్య సర్టిఫికెట్ల కోసం వాడే స్కేలు తయారైంది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలోనే. అంటే మనవాళ్లు దీనికోసం బెంగళూరు దాకా పోనక్కర్లేదు.

బడి వయసులో చిక్కు ఎక్కువ. నోటితో అడిగితే జవాబు గడగడా చెప్పి, అదే రాయమంటే మూడు లైన్లకే ఆగిపోయే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. చదివేటప్పుడు ఒత్తులు మింగేస్తారు. ప, వ తారుమారవుతాయి. తెలివి సరిపడా ఉన్నా చదువులో ఒక భాగం మాత్రమే మొరాయించడాన్ని లెర్నింగ్ డిసేబిలిటీ అంటున్నాం. ఇక్కడే మన ఇంగ్లిష్ మీడియం అడ్డు వస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్. తెలుగు బాగానే చదివి ఇంగ్లిష్‌లో తడబడుతుంటే ముందు చెప్పే తీరును అనుమానించాలి. రెండిట్లోనూ ఇరుక్కుంటే అసెస్‌మెంట్ కావాలి. ఇంగ్లిష్‌లో మాత్రమే పరీక్షించి ఇచ్చిన రిపోర్టును నేనైతే సగమే నమ్ముతాను.

అసెస్‌మెంట్ గదిలో జరిగేది తెలిస్తే భయం చాలావరకు పోతుంది. ఎరుపు, తెలుపు దిమ్మలిచ్చి కార్డు మీది డిజైన్ పేర్చమంటారు. అంకెలు చెప్పి వెనక నుంచి అప్పజెప్పమంటారు. ఒక పేరా చదివించి, కొంత డిక్టేషన్ ఇస్తారు. తల్లిదండ్రులను విడిగా కూర్చోబెట్టి కాన్పు దగ్గర్నుంచి అడుగుతారు. పాత నోటు పుస్తకాలు పట్టుకెళ్తే ప్రోగ్రెస్ కార్డు కంటే అవే ఎక్కువ చెబుతాయి.

2016 వికలాంగుల హక్కుల చట్టం లెర్నింగ్ డిసేబిలిటీనీ గుర్తించింది. పరీక్షల్లో అదనపు సమయానికి, స్క్రైబ్‌కు (జవాబులు రాసిపెట్టే మనిషికి) పనికొచ్చే సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు, పద్నాలుగు, పద్దెనిమిదేళ్లకు మళ్లీ చూస్తారు. అది కాగితం వయసు. చదువు నేర్పే తీరు మార్చడానికి అన్నాళ్లు ఆగమని చట్టం చెప్పలేదు. ఇంకో మాట. అల్లరి పిల్లాణ్ని టీచరే సైకాలజిస్ట్ దగ్గరికి పంపిస్తుంది. ధ్యాస నిలవక కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్ల డైరీలో మాత్రం "గుడ్" పడుతుంది.

పెద్దవాళ్లకు వస్తే, బాధ ముందు ఒంట్లోంచి మాట్లాడుతుంది. గుండెదడ, గ్యాస్, నడుం నొప్పి, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. ఈసీజీ, ఎండోస్కోపీ, స్కానింగ్ అన్నీ అయ్యాక "అంతా నార్మల్" అంటే కోపం వస్తుంది. నిజానికి సైకియాట్రిస్ట్ గడప తొక్కాల్సిన సమయం అదే. థైరాయిడ్, బీ12 పరీక్షలు ముందే చూసుకోవాలి, నీరసాన్నీ దిగులునీ అవి కూడా తెస్తాయి. కాన్పయ్యాక వచ్చే ఏడుపు రెండు వారాలు దాటితే "బాలింత కదా" అని సరిపెట్టకూడదు. రీల్స్ చూసి "నాకూ ఏడీహెచ్‌డీ" అనుకునే కుర్రకారును వెక్కిరించడం నాకు నచ్చదు, కానీ రాత్రి రెండింటికి ఫోన్ పక్కన పెట్టే మనిషికి పగలు ధ్యాస నిలవదు. ముందు ఆ నిద్ర సంగతి తేలాలి. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందలేదు.

ముసలివాళ్ల మతిమరుపును చాదస్తంలో కలిపేస్తాం. కళ్లజోడు ఎక్కడ పెట్టారో మరిచిపోతే పర్లేదు. రోజూ నడిచే సందులో దారి తప్పినా, చిల్లర లెక్క తప్పుతున్నా, గ్యాస్ కట్టేయడం మరుస్తున్నా తీసుకెళ్లాలి. మతిమరుపుకు ఎక్కువగా వాడే ముప్పై మార్కుల పరీక్షలో ఒక వాక్యం రాయమంటారు, బొమ్మ చూసి గీయమంటారు. బడి మొహం చూడని మామ్మకు ఆ మార్కులు పోతే మతిపోయినట్టు కాదు. తెలుగులో, చదువుకు తగ్గట్టు పరీక్షిస్తున్నారా అని అడగడం ఇంట్లోవాళ్ల హక్కు.

చావు మాటలు వినిపిస్తే, లేని గొంతులు వినపడుతున్నాయంటే అపాయింట్‌మెంట్ల కోసం ఆగొద్దు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఎవరి దగ్గరికి అన్నదీ ముఖ్యమే. పరీక్షలు చేసి రిపోర్ట్ రాసే క్లినికల్ సైకాలజిస్ట్‌కు కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. మందులు రాసేది సైకియాట్రిస్ట్. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లకూ ఈ రెండూ ఉండవు.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. విద్యాసంస్థలో వందమంది, అంతకు మించి విద్యార్థులుంటే కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో సైకాలజిస్ట్‌నో సోషల్ వర్కర్‌నో పెట్టాలంది. మంచిదే. అయితే మేనేజ్‌మెంట్ ఇచ్చే జీతంతో బతికే కౌన్సెలర్ "ఈ పిల్లకు రెండు నెలలు సెలవివ్వండి, ర్యాంకు సంగతి తర్వాత" అని ఎంతవరకు రాయగలరు? ఆ చీటీ ప్రిన్సిపాల్ బల్ల మీద ఆగిపోకుండా నేరుగా తల్లిదండ్రులకు చేరుతుందా? అడ్మిషన్ ఫీజు కట్టేరోజే, హాస్టల్ భోజనం గురించి అడిగినంత మామూలుగా ఇదీ అడగాలి.