మనోవర్తి కాగితం రాసే చేతికి జీతమేదీ?

భర్త వదిలేసిన మహిళకు మన చట్టాలు కాగితం మీద చాలానే ఇచ్చాయి. న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళ అయితే చాలు, ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని పెడతారు. గృహహింస చట్టం కింద పిటిషన్ వేస్తే మామూలుగా మూడు రోజుల్లో తొలి వాయిదా పడాలి. 60 రోజుల్లో కేసు తేల్చేందుకు మేజిస్ట్రేట్ ప్రయత్నించాలి. మధ్యంతర మనోవర్తి పిటిషన్‌కు కూడా, భర్తకు నోటీసు అందిన నాటి నుంచి 60 రోజులే గడువు. అయినా ఆడవాళ్లు చెప్పులరిగేలా తిరుగుతూనే ఉన్నారు. కోర్టుల్లో కేసుల భారం ఒక కారణమని అందరికీ తెలుసు. అంతగా ఎవరూ మాట్లాడని కారణం ఇంకొకటుంది. పిటిషన్‌కు కావాల్సిన వివరాలు, ఆధారాలు దగ్గర కూర్చుని సిద్ధం చేసిపెట్టే మనిషి చాలాచోట్ల లేరు.

ఆ పని చేయాల్సింది జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లోని పారా లీగల్ వాలంటీర్లు. 2009లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ తెచ్చిన పథకం ఇది. అంగన్‌వాడీ టీచర్లు, రిటైరైన ఉపాధ్యాయులు, లా విద్యార్థులు, స్వయం సహాయక సంఘాల సభ్యులు ఇందులో ఉంటారు. వీళ్లు వకాలత్ వేయరు, కోర్టులో వాదించరు. కానీ వాదించే న్యాయవాది చేతికి కేసు ఏ రూపంలో వెళ్తుందనేది చాలావరకు వీళ్ల మీదే ఆధారపడుతుంది.

ఒక్క అఫిడవిట్ సంగతే చూద్దాం. మనోవర్తి కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలని 2020 నవంబరులో రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. పిటిషన్ వేసిన తేదీ నుంచే మనోవర్తి లెక్కకట్టాలనీ చెప్పింది. మంచి తీర్పు. అయితే ఆ ఫారం పేజీలకు పేజీలు ఉంటుంది. తన భర్తకు ఎంత వస్తుందో చెప్పాల్సిన చోట చాలామంది మహిళల నోటి నుంచి వచ్చే మాట ఒకటే: ‘ఆయన జీతం నాకెప్పుడూ చెప్పలేదు మేడం.’ అనుభవమున్న వాలంటీర్ అక్కడ ఆ గడిని ఖాళీగా వదిలేయరు. ‘పొలం ఎవరి పేరు మీద ఉందమ్మా? పట్టాదారు పాసుపుస్తకం చూశావా? రైతు సాయం డబ్బులు ఏ బ్యాంకులో పడతాయి? ఆటో సొంతమా, అద్దెదా? చీటీలు ఎవరి దగ్గర కడతాడు?’ అని ఒక్కొక్కటే అడుగుతారు. అరగంటలో ఆ గడి నిండుతుంది. పెళ్లి రిజిస్టర్ కాలేదని బెంగపడుతుంటే శుభలేఖ, పెళ్లి ఫొటోలు, రేషన్ కార్డు, తండ్రి పేరున్న బిడ్డ జనన ధ్రువపత్రం తెమ్మంటారు. కాపురం చేసిన ఊరి కోర్టుకే వెళ్లక్కర్లేదు, ఇప్పుడు ఉంటున్న చోటే కేసు వేయొచ్చని చెబుతారు. విడాకులైన ముస్లిం మహిళ వస్తే, ఆమె కూడా అన్ని మతాలవాళ్లకూ వర్తించే సాధారణ చట్టం కింద మనోవర్తి అడగవచ్చని 2024 జులైలో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసిందని ధైర్యం చెబుతారు. భర్త దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఉంటే ముందు సరైన అడ్రసు సంపాదించడమే ఒక పెద్ద పని.

ఆర్డరు రావడంతో కథ అయిపోదు. భర్త డబ్బు కట్టకపోతే వారెంట్ కోసం మళ్లీ పిటిషన్ వేసుకోవాలి. బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోపు వేయకపోతే ఆ బాకీకి వారెంట్ రాదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లో ఉన్న ఈ నిబంధనే, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్‌లోనూ ఉంది. ‘ఇవాళ కడతా, రేపు కడతా’ అన్న మాట నమ్మి ఏడాది దాటనిచ్చే మహిళలు నష్టపోయేది ఇక్కడే. ఆర్డరు వచ్చిన ప్రతి మహిళకూ మూడు నెలలకోసారి ఫోన్ చేసి ‘డబ్బు పడుతోందా?’ అని అడిగే మనిషి ఒకరుంటే ఈ నష్టం ఆగుతుంది. దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు. కానీ అది ఒకరి బాధ్యతగా ఉండాలి.

రాజీల విషయంలోనూ మాకు ఆందోళన ఉంది. సయోధ్యకు ప్రయత్నించమని కుటుంబ న్యాయస్థానాల చట్టమే చెబుతోంది. కాదనం. కానీ లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఇచ్చే అవార్డుపై, అంటే ఆ తీర్పుపై, అప్పీలు ఉండదు. దెబ్బలు తిని వచ్చిన మనిషికి ‘సర్దుకుపో తల్లీ’ అని చెప్పి సంతకం పెట్టించడం న్యాయసహాయం కాదు. రాజీ షరతులను ఆమె పక్కన కూర్చుని తెలుగులో చదివి వినిపించి, ఒప్పుకోకపోయినా కేసు నడుస్తుందని చెప్పే మనిషి ఉండాలి. ఎన్ని కేసులు రాజీ అయ్యాయన్న లెక్కతో ఆ మనిషి పనితీరును కొలవకూడదు.

ఇంత బాధ్యత మోసేవాళ్లకు మనం ఇస్తున్నది, పనిచేసిన రోజుకు లెక్కగట్టే గౌరవ వేతనం. ఆదాయం కోసం చూడనివాళ్లనే ఎంచుకోవాలన్నది ఈ పథకం ఆలోచన. సేవాభావం గొప్పదే. కానీ ఇల్లు గడవక వాలంటీర్ మధ్యలో మానేస్తే, ఆమె చేతిలో ఉన్న కేసుల మహిళలు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఒంటి మీద గాయాల గురించి కొత్త మనిషికి మళ్లీ చెప్పుకోవడం ఎంత నరకమో ఆలోచించాలి.

డబ్బుల్లేవన్న సమాధానాన్ని మేము ఒప్పుకోం. క్రిమినల్ కేసుల్లో ముద్దాయిల తరఫున పూర్తికాలం పనిచేసే న్యాయవాదులను, ఆఫీసు సిబ్బందిని నెల జీతంతో పెట్టే డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థను 2022 నుంచి జిల్లాలకు విస్తరించారు. అది అవసరమే, స్వాగతించాం. ముద్దాయికి సాధ్యమైన ఏర్పాటు, బిడ్డ స్కూలు ఫీజు కోసం కోర్టు మెట్లెక్కిన తల్లికి ఎందుకు సాధ్యం కాదు?

రెండు తెలుగు రాష్ట్రాల న్యాయసేవాధికార సంస్థలను మేము కోరేది ఇది. ప్రతి కుటుంబ న్యాయస్థానం దగ్గరా, అది లేని చోట మనోవర్తి కేసులు వినే మేజిస్ట్రేట్ కోర్టు దగ్గరా, కుటుంబ కేసుల్లో ప్రత్యేక శిక్షణ పొందిన ఒక పారా లీగల్‌ను నెల జీతంతో నియమించాలి. ఏకాంతంగా మాట్లాడేందుకు తలుపున్న గది ఒకటి ఇవ్వాలి. పిటిషన్ మొదలుకుని డబ్బు చేతికందే దాకా కేసు ఆమె రిజిస్టరులోనే ఉండాలి. వచ్చే బడ్జెట్ ప్రతిపాదనల్లోనే ఈ పోస్టులు చేర్చాలి. అప్పటిదాకా ఇప్పుడున్న వాలంటీర్ల గౌరవ వేతనాన్ని పెంచి, ఏ నెలది ఆ నెలే చెల్లించాలి.