డబ్బా మీద వేగం, గోడలో తీగ

విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా కొత్త కాలనీల్లో లేస్తున్నవి చాలావరకు రెండు, మూడంతస్తుల శ్లాబు ఇళ్లు. ఇంటర్నెట్ కేబుల్ వచ్చేది కింది హాల్లోకి. హైదరాబాద్ కంపెనీ ఉద్యోగం చేసే అబ్బాయి కూర్చునేది పై గదిలో. నడుమ కాంక్రీటు, ఇనుప ఊచలు వైఫైని మింగేస్తాయి. దీనికి విరుగుడుగా ఇప్పుడు పవర్‌లైన్ అడాప్టర్లు దొరుకుతున్నాయి. ఒకటి రూటర్ పక్క సాకెట్‌లో, మరొకటి పై గది సాకెట్‌లో పెడితే కరెంటు తీగల మీదుగానే డేటా నడుస్తుంది. ఆలోచన చక్కనిదే. మా పేచీ అంతా డబ్బా మీద అచ్చువేసే అంకెతోనే.

ఈ అడాప్టర్ల కోసం 2001లో వచ్చిన తొలి హోమ్‌ప్లగ్ ప్రమాణం సెకనుకు 14 మెగాబిట్లు అంది. 2005 నాటికి అది 200 అయింది. తర్వాత 500, 1200, ఆపైన 2000 కూడా రాస్తున్నారు. ఇవన్నీ తీగ మీద పరుగెత్తే సంకేతాల స్థూల వేగాలు. తప్పులు దిద్దుకోవడానికి ఖర్చయ్యే భాగమూ అందులో కలిసే ఉంటుంది. పైగా రానూ పోనూ ఉన్నది ఒకే దారి. చివరికి కంప్యూటర్‌కు చేరేది సగం ఉంటే గొప్ప, మూడో వంతో అంతకన్నా తక్కువో దక్కడమే మామూలు. 500 అని రాసిన కొన్ని రకాలకు కేబుల్ పోర్టు 100 మెగాబిట్లది మాత్రమే! తయారీదారుకు ఈ సంగతి తెలియదనుకోవాలా?

అందుకే వాపసు గడువు ముగియకముందే కొన్నవారు స్వయంగా కొలుచుకోవాలి. ఇంటర్నెట్ వేగం చూపే సైట్లతో అది తేలదు. కనెక్షనే 40 మెగాబిట్లదైతే అడాప్టర్ ఎంత గట్టిదైనా 40కి మించి కనిపించదు. (ఆ 40 పూర్తిగా పై గదికి అందుతూ, మీకు కావలసింది ఇంటర్నెట్ ఒక్కటే అయితే ఇక కొలతలు మానేసి పని చూసుకోవచ్చు.) అసలు లెక్క కావాలంటే రెండు ల్యాప్‌టాప్‌లలో ఐపెర్ఫ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, ముందు వాటిని నేరుగా కేబుల్‌తో కలిపి కొలవాలి. తర్వాత అడాప్టర్లను ఒకే గదిలో, ఆపైన వేరే అంతస్తులో పెట్టి, రెండు దిశల్లోనూ చూడాలి. మిక్సీ తిరుగుతుండగా, చవక ఫోన్ ఛార్జర్లు పక్కనే ఉండగా మళ్లీ చూడాలి. అడాప్టర్‌ను గోడ సాకెట్‌లోనే పెట్టాలి. సర్జ్ రక్షణ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే దాని ఫిల్టరే సంకేతాన్ని నొక్కేస్తుంది.

ఎక్కువ అంకె వేసుకున్న కొత్త రకాల్లో చాలావరకు ఫేజు, న్యూట్రల్‌లతో పాటు ఎర్త్ తీగనూ వాడుకుంటాయి. మన ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ, బోర్డు విప్పి చూస్తే చాలాచోట్ల పై రంధ్రానికి తీగే ఉండదు, లేదా ఉన్న తీగ ఏ గుంతలోకీ చేరదు. అలాంటి ఇంట్లో 1200 రకం కొన్నా ఫలితం పాత రకం స్థాయిలోనే ఉంటుంది. వేగం తక్కువైనంత మాత్రాన ఎర్త్ లేదని తీర్మానించలేం. అయినా ఆ సాకెట్ల దగ్గరకు ఒకసారి వైర్‌మన్‌ను పిలవడం మంచిది. అక్కడ లోపిస్తున్నది డేటా ఒక్కటే కాకపోవచ్చు. ఫ్రిజ్జు, గీజరు షాకు కొట్టకుండా కాపాడేది కూడా ఆ తీగే.

హుద్‌హుద్‌నూ తిత్లీనీ చూసిన ఈ జిల్లాల్లో ఇన్వర్టర్ విలాసం కాదు. కరెంటు పోయినప్పుడు ఒక అడాప్టర్ ఇన్వర్టర్ లైనులో, మరొకటి మామూలు లైనులో ఉంటే నెట్‌వర్క్ తెగినట్లే. కరెంటు ఉన్నప్పుడు కూడా ఇన్వర్టర్ దాటేసరికి సంకేతం నీరసించవచ్చు. పై వాటాకు వేరే మీటరు, వేరే ఫేజు ఉన్నా అంతే. అద్దె ఇళ్లలో ఇదే ఎక్కువ. మీటర్లు పక్కపక్కనే ఉంటే సంకేతం పొరుగు వాటాలోకి జారే వీలూ ఉంది కనుక, జత చేసే బటన్ నొక్కి సొంత కీ (పాస్‌వర్డ్ లాంటి రహస్య సంకేతం) పెట్టుకోవాలి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనలపై చర్యకు వీలు కల్పించింది. దాన్ని ఈ డబ్బాల దాకా తీసుకురావాలి. స్థూల వేగం రాసే చోటే, అంతే పెద్ద అక్షరాల్లో, పోర్టు పరిమితినీ ఎర్త్ తీగ అవసరాన్నీ రాయించాలి. తెరిచిన డబ్బాను వాపసు తీసుకోబోమనే దుకాణాల తీరు ఈ వస్తువు విషయంలో చెల్లదు. ఇంట్లో పెట్టి చూడనిదే ఇది పనిచేస్తుందో లేదో అమ్మేవాడికీ తెలియదు.

కొత్తగా ఇల్లు కట్టేవారికి మాత్రం ఈ తంటా అక్కర్లేదు. శ్లాబు వేసేముందు కరెంటు పైపుకు ఎడంగా మరో ఖాళీ పైపు కింది హాలు నుంచి పై గది దాకా వేయించుకుని, నెట్‌వర్క్ కేబుల్ లాగించుకుంటే సరిపోతుంది. ఆ పైపు ఖర్చు ఒక జత అడాప్టర్ల ధర కన్నా తక్కువే.