డిక్కీ తెరవండి సార్

దేశ భద్రత మీద నాకున్న బెంగ ఈమధ్య కొంచెం తగ్గింది. లింక్డ్‌ఇన్ పుణ్యమే. గచ్చిబౌలి, మాదాపూర్ కంపెనీల్లో సెక్యూరిటీ మేనేజర్ల పేర్ల పక్కన సీపీపీ (భద్రతా నిర్వహణ), పీఎస్పీ (గోడలు, గేట్లు, కెమెరాల కాపలా), పీసీఐ (దర్యాప్తు) అనే సర్టిఫికెట్లు కనిపిస్తున్నాయి, మూడూ ఉన్నవాళ్లకి పేరు కన్నా తోకే పొడుగు. ఇచ్చేది ఏసిస్ అనే అమెరికా సెక్యూరిటీ నిపుణుల సంస్థ, 1955లో పుట్టింది, 1977 నుంచి సీపీపీ ఇస్తోంది. ఊరికే రావు లెండి. ఏళ్ల అనుభవం చూపించాలి, ఆ పైన సీపీపీకైతే 4 గంటల్లో 225 ప్రశ్నలు. వాటిలో 25కి మార్కులుండవు, ఏ 25కో చెప్పరు. గుట్టు దాచడమెలాగో ప్రశ్నపత్రంలోనే చూపించిన సంస్థని నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాం?

పీఎస్పీ పాఠం సారాంశం ఇది: దొంగ ముందు జంకాలి, అయినా వస్తే పసిగట్టాలి, పసిగట్టాక వాణ్ణి ఆలస్యం చేయాలి, ఈలోగా మనవాళ్లు చేరుకోవాలి. గోడ ఎత్తు, లైట్ల వెలుగు, కెమెరా కోణం, అన్నిటికీ లెక్కలున్నాయి. ఆ లెక్కలన్నీ చివరికి గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఉన్న గార్డు చేతికొస్తాయి. ఆయన మన కారు కిందకి చక్రాల అద్దం తోస్తాడు, చూసేది మాత్రం వెనకాల హారన్ కొడుతున్న కారుని. డిక్కీ సగం లేపి దించేస్తాడు, లోపల బియ్యం మూట ఉందో ఇంకేముందో ఆ దేవుడికెరుక. మెటల్ డిటెక్టర్ అందరికీ కుయ్‌మంటుంది, అందరికీ "వెళ్లండి సార్" అనే జవాబు. ఇక విజిటర్స్ రిజిస్టర్ సంగతి. ఏ పని మీద వచ్చారన్న గడిలో పైనుంచి కిందదాకా 'పర్సనల్'. అవుట్ టైమ్ గడులన్నీ షిఫ్టు దిగే ముందు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నిండిపోతాయి. రేపు ల్యాప్‌టాప్ పోతే పీసీఐ సారు దర్యాప్తు మొదలుపెట్టేది ఈ రిజిస్టర్‌తోనే.

గార్డుకి శిక్షణ లేదని మాత్రం అనకండి. 2005 ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద వచ్చిన నమూనా నిబంధనల్లో 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డ్ ట్రైనింగ్ ఉన్నాయి, మేనేజర్ గారి పరీక్ష కన్నా 156 గంటలు ఎక్కువ! అవన్నీ ఎప్పుడు జరిగాయని అడిగి చూడండి, "డ్రెస్ ఇచ్చిన రోజే అయిపోయింది సార్" అనేవాళ్లూ తగులుతారు.

ప్రైవేట్ డిటెక్టివులది మరీ హాయి. వాళ్లని కట్టడి చేసేందుకు 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. కాబట్టి పుస్తకాలతో కుస్తీ పట్టి పీసీఐ తెచ్చుకున్నాయనా, నిన్న పొద్దున బోర్డు తగిలించినాయనా ఒకే ధీమాతో పెళ్లికొడుకు జీతం ఆరా తీయొచ్చు.

ఏసిస్ వారికి నాదొక విన్నపం. సీపీపీ నిలబెట్టుకోవాలంటే మూడేళ్లకోసారి 60 శిక్షణ క్రెడిట్లు చూపించాలి కదా, సారువాళ్లు స్టార్ హోటళ్ల సెమినార్లలో కూర్చుని గంటకొకటి చొప్పున కూడబెడుతుంటారు. ఆ లెక్కని గేటుకీ వర్తింపజేయండి. రిలీవర్ రాక డబుల్ డ్యూటీ పడితే రోజుకి 24 క్రెడిట్లు, పండగ సీజన్లో రెండున్నర రోజులకే గార్డు మూడేళ్ల కోటా పూర్తి. మూడో రోజు మధ్యాహ్నం ఆయన కుర్చీలో కునుకుతూ కనిపిస్తే హారన్ కొట్టకండి, రీసర్టిఫికేషన్ నడుస్తోంది.