తుప్పు సంగతి, టెఫ్లాన్ టేపు సంగతి కూడా చెప్పాల్సింది

ఇంటి రిపేర్లకు సుత్తి, కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్లు, టెస్టర్ ఉంటే చాలా పనులు మనమే చేసుకోవచ్చని మీ వ్యాసంలో రాసిన మాట నిజం. కానీ మా కోనసీమలో గాలిలో తేమ ఎక్కువ. సముద్రతీరాన ఉన్న అంతర్వేది వైపు వెళ్లేకొద్దీ ఉప్పుగాలి కూడా తోడవుతుంది. పనిముట్లను డబ్బాలో పడేసి మరిచిపోతే వానాకాలం దాటేసరికి ప్లేయర్ బిగుసుకుపోతుంది. వాడిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి, కీలు దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వెయ్యండి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి కొనండి, నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే.

మీ జాబితాలో టెఫ్లాన్ టేపు, అంటే నీళ్లు కారకుండా కుళాయి మరకు చుట్టే పల్చటి టేపు, లేకపోవడం పెద్ద లోటు. ఇంట్లో ఎక్కువగా కారేది కుళాయే కదా! టేపును కుళాయి బిగించే వైపు కాకుండా ఎదురు చుడితే, బిగించేటప్పుడు ఊడి వచ్చేస్తుంది.

ఇంకొకటి తప్పక చెప్పాలి. టెస్టర్ లైటు వెలగలేదు కదా అని వైరు పట్టుకోకండి, అందులో వచ్చేది 230 వోల్టులు. ముందు కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి టెస్టర్ పనిచేస్తోందో లేదో చూడండి. తర్వాత మెయిన్ ఆపి, మళ్లీ పరీక్షించాకే పని మొదలుపెట్టండి. వరద వచ్చి తీసిన గోదావరి లంక గ్రామాల ఇళ్లలో తడిసిన స్విచ్‌బోర్డు జోలికి మాత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా వెళ్లొద్దు.