రాజుగారు పడుకోని మంచం

ఉత్తర ఐర్లాండ్‌లోని ఫెర్మానా కౌంటీలో, లాఖ్ ఎర్న్ సరస్సుల చుట్టూ తిప్పే హెరిటేజ్ టూర్‌కి గర్భగుడి లాంటిది ఒక మంచం. కాసిల్ కూల్ అనే జమీందారీ భవనంలో, ఎర్రపట్టు తెరల మధ్య కొలువై ఉంది. 1821లో నాలుగో జార్జ్ రాజు ఐర్లాండ్ వస్తున్నాడని తెలిసి బెల్మోర్ ప్రభువు ఆ గదిని ముస్తాబు చేయించాడు. రాజు ఐర్లాండ్ వచ్చాడు, కాసిల్ కూల్ గడప మాత్రం తొక్కలేదు. స్లేన్ కోటలో ప్రియురాలి దగ్గర కాలక్షేపం చేసి వెళ్లిపోయాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

అయినా ఆ మంచం ముందు జనం గొంతు తగ్గించి మాట్లాడతారు. రాజుగారు తల ఆనించని దిండు ఇది. ఆయన ఎడమ పక్కకి తిరిగి పడుకోని వైపు ఇటు, కుడి పక్కకి తిరిగి పడుకోని వైపు అటు. తెల్లారి లేవలేదు కాబట్టి దుప్పటి నలగలేదు. ఒకాయన వంగి వంగి ఫోటో తీసుకుంటాడు. ఒకావిడ ‘అయ్యో పాపం’ అంటుంది. రాజుకో మంచానికో, అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు.

జరగనిదాన్ని చూపించడంలో ఈ టూర్లది అందె వేసిన చెయ్యి. పడవలో డెవెనిష్ ద్వీపానికి తీసుకెళ్తారు. ఆరో శతాబ్దంలో సెయింట్ మొలాష మఠం పెట్టిన చోటు. అక్కడి గుండ్రటి రాతి గోపురానికి గుమ్మం నేలమీద కాక పైన ఉంటుంది. ‘సముద్రం మీద వచ్చి దోచుకునే వైకింగులు వస్తే సన్యాసులు నిచ్చెనెక్కి లోపలికి దూరి, నిచ్చెన పైకి లాక్కునేవారు’ అంటాడు గైడ్. వైకింగులు డెవెనిష్‌ని దోచింది 837లో. గోపురం కట్టింది పన్నెండో శతాబ్దంలో. బాబ్బాబు, ఓ మూడొందల ఏళ్లు ఆగండి, గుమ్మం ఇంకా తయారవలేదు అని సన్యాసులు బతిమాలుకుని ఉండాలి. ఐరిష్‌లో ఇలాంటి గోపురం పేరుకి అర్థమే గంటల ఇల్లు, అంటే గంట మోగించే చోటు. పునాదులు పెద్ద లోతుండవు కాబట్టి అడుగున గోడకి కంత పెడితే బలం పోతుంది, అందుకే గుమ్మం పైకెక్కింది. పైగా లోపలి అంతస్తులన్నీ చెక్కవి. కింద నిప్పు పెడితే మొత్తం పొగగొట్టమే. 950లో స్లేన్‌లో (అవును, రాజుగారు ఆగిన ఊరే) గంటల ఇంటిని లోపలున్న మనుషులతో సహా తగలబెట్టారు.

సరే, రాజు పడుకోని మంచాలే వారసత్వమైతే ఆ ఒక్కటే ఎందుకు? 1841 జనాభా లెక్కల్లో నాలుగో తరగతి ఇళ్లని ఒక పద్దు ఉంది. ఒంటి గది మట్టి గుడిసెలు. అందులో గడ్డి పరుచుకుని పడుకున్నారు. అక్కడా రాజు పడుకోలేదు. వాటికీ టికెట్ పెట్టండి!

పెట్టలేరు. వాటిని మిగలనిస్తేగా. 1845లో పేదల తిండైన బంగాళాదుంపకి తెగులు సోకి కరువొచ్చింది. 1847లో చట్టం చేశారు: పావు ఎకరం మించి భూమి ఉంటే సర్కారు గంజి పొయ్యరు. బిడ్డకి గంజి కావాలా, భూమి వదులుకో. ఏడాదికి నాలుగు పౌన్ల విలువ దాటని కమతాలకి పేదల్ని పోషించడానికి వేసే పన్ను కట్టాల్సింది జమీందారు. కౌలుదారుని గెంటేస్తే ఆ డబ్బు మిగులు. మళ్లీ వచ్చి తలదాచుకోకుండా ఇంటికప్పు పీకించేవారు. 1841లో ఫెర్మానా జనం 1,56,000. పదేళ్ల తర్వాత 1,16,000. ఆ నలభై వేల మంది ఏరయ్యా? ఓడల్లో పోయిందెందరు, గోతుల్లో పూడ్చిందెందరు? రాని రాజుకి అరగంట కేటాయించిన నోటికి, నలుగురిలో ఒకరు లేకుండా పోయిన సంగతి చెప్పడానికి రెండు నిమిషాలు బరువయ్యాయా?

బస్సు ఎనిస్కిలెన్ ఊళ్లో పాత వర్క్‌హౌస్, అంటే దిక్కులేని పేదల చేత పని చేయించుకుని గంజి పోసిన సర్కారు సత్రం, ముందుకొచ్చేసరికి గైడ్ మైకు అందుకుంటాడు. ఇక్కడ గైడ్లందరి నోటా ఉండే జోకే. ‘ఆరు నెలలు సరస్సు ఫెర్మానాలో ఉంటుంది, ఆరు నెలలు ఫెర్మానా సరస్సులో ఉంటుంది.’ అందరూ నవ్వుతారు. ఈలోగా వర్క్‌హౌస్ దాటిపోతుంది.