ముప్పై సెంట్లకి మిషను

(లంక పొలం గట్టు. వెంకట్రావు చేతిలో ఫోను, సత్యవతి చేతిలో వంగ నారు కట్ట.)

వెంకట్రావు: సత్యా, ఇది చూడు! నారు నాటే మిషను. ట్రాక్టర్ వెనక తగిలిస్తే దానంతటదే నాటేస్తుంది.

సత్యవతి: దానంతటదేనా? మరి వెనక సీట్ల మీద ఆ ఇద్దరు ఆడవాళ్లెవరండీ, షికారుకొచ్చారా?

వెంకట్రావు: వాళ్లా... తిరిగే కప్పుల్లో ఒక్కో మొక్క పడేస్తుంటారు. కప్పు అడుగు తెరుచుకుని మొక్క చాల్లో పడుతుంది, చక్రాలు మట్టి నొక్కేస్తాయి.

సత్యవతి: మన మిషను మీద కూర్చునేదెవరు?

వెంకట్రావు: నువ్వూ, మా వదినా.

సత్యవతి: మరి మీరు?

వెంకట్రావు: గట్టు మీంచి చూస్తా. కప్పు ఖాళీగా పోతే అక్కడ మొక్క ఉండదు, కేకెయ్యాలి కదా.

సత్యవతి: ఇప్పుడు చేస్తున్నదీ అదేగా! దానికి మిషనెందుకు?

(వెంకట్రావు ఫోను జేబులో పెట్టేశాడు. ఓడిపోయి కాదు, ఛార్జింగు తక్కువుంది.)

సత్యవతి: అసలు ఈ నారు దాన్లో పడుతుందా? మడిలోంచి పీకితే వేళ్లెలా చిక్కుపడ్డాయో చూడండి.

వెంకట్రావు: ఇది పనికిరాదు. కొబ్బరి పొట్టు పోసి ట్రేల్లో పెంచిందే కావాలి. వేరు చుట్టూ పొట్టు ముద్దగా ఉండి సాఫీగా జారుతుంది. కడియం నర్సరీలకెళ్లి తెస్తా. ట్రేకి 98 గుంటలు, రెండడుగులకో మొక్క అనుకుంటే 34 ట్రేలు.

సత్యవతి: మన చెట్ల పొట్టే, మనకే డబ్బులకి! మరి నేను నెల్రోజులు నీళ్లు పోసిన నారు?

వెంకట్రావు: (గొంతు తగ్గించి) మీ అన్నయ్యకిద్దాం.

సత్యవతి: మా అన్నయ్య ఊసెత్తకండి. ఇంతకీ ట్రాక్టర్ తిరిగేదెక్కడ? ఈ చివర కాలువ, ఆ చివర అరటి. రెండు వైపులా చోటు వదిలితే మిగిలేది పెరటి మడంత.

వెంకట్రావు: నాలుగు అరటి చెట్లు కొట్టేస్తే...

సత్యవతి: కొట్టండి చూద్దాం!

(కాసేపు మాటల్లేవు. సత్యవతే మళ్లీ ఎత్తుకుంది.)

సత్యవతి: చేత్తో పట్టుకునే గొట్టం ఉంటుందటగా. అడుగున కొంగ ముక్కులా ఉంటుందట. నేలలోకి దించి, పైనుంచి మొక్క వేసి పిడి నొక్కితే ముక్కు తెరుచుకుంటుంది. నడుం వంచక్కర్లేదు. అది తెండి. ట్రేలూ తెండి. ఈ నారు అన్నయ్యకే ఇద్దాం.

వెంకట్రావు: అదీ మాట! మరి నొక్కేదెవరు?

సత్యవతి: మీరే. మొక్కలు నేను వేస్తా.

వెంకట్రావు: నా నడుం సంగతి తెలుసుగా...

సత్యవతి: వంచక్కర్లేదన్నానుగా.

వెంకట్రావు: అది సరే, ఎండలో నిలబడితే కళ్లు తిరుగుతాయే.

సత్యవతి: తిరగనివ్వండి. గొట్టం పట్టుకునే ఉంటారుగా, పడిపోరు.