ఇంటి నుంచి చేయమన్నదీ మీరేగా!

ఈ వారం మా బల్ల మీద పోగుపడిన టెక్నాలజీ వ్యాసాలన్నీ ఒక్క బిగిన చదివితే ఒళ్లు మండుతోంది. ఒకదాంట్లో, మనిషి ఎక్కడున్నా పని ఆగదంటూ కంపెనీలు వాయించే డప్పు. పేజీ తిప్పితే, అవే కంపెనీలు గేటు దగ్గర ఎవరు ఎన్నిసార్లు కార్డు గీకారో లెక్కపెడుతున్న వైనం.

కరోనా రోజుల కథ మళ్లీ చెప్పక్కర్లేదు. అప్పుడిచ్చిన మాటలు మాత్రం గుర్తు చేయాలి. కోరుకున్నవాళ్లు ఎప్పటికీ ఇంటి నుంచే పనిచేసుకోవచ్చని 2020 మేలో ట్విటర్ చెప్పింది. 2022లో యజమాని మారగానే ఆ మాటా పోయింది. అయిదు పదేళ్లలో తమ సిబ్బందిలో సగం మంది దూరం నుంచే పనిచేయొచ్చని అదే మేలో ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ జోస్యం చెప్పారు. 2023 సెప్టెంబరుకల్లా ఆఫీసుకు కేటాయించిన వాళ్లంతా వారానికి మూడు రోజులు రావాల్సిందేనన్నారు. అమెజాన్ అయితే 2025 జనవరి నుంచి అయిదు రోజులూ రమ్మంది. వీటన్నిటినీ తలదన్నింది జూమ్. వీడియో కాల్స్ అమ్ముకుని పైకొచ్చిన ఈ సంస్థే, ఆఫీసుకు 50 మైళ్ల లోపు ఉన్నవాళ్లు వారానికి రెండు రోజులు రావాలని 2023లో హుకుం జారీ చేసింది. సొంత సరుకు మీద తమకే నమ్మకం లేదని చాటింపు వేసుకోవడం కాక ఇదేమిటి?

ఎదురెదురుగా కూర్చుంటే కొత్తవాళ్లు పని త్వరగా నేర్చుకుంటారన్న వాదనను కాదనం. 2020లో ఆ సంగతి గుర్తు రాలేదేం?

స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చైనా ప్రయాణ బుకింగ్ సంస్థ ట్రిప్.కామ్‌లో 1,612 మందిపై చేసిన ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు తగ్గలేదు, ప్రమోషన్లూ తగ్గలేదు. ఉద్యోగం మానేసేవాళ్లు మాత్రం మూడోవంతు తగ్గారు. ప్రతిదానికీ డేటా చూపించమనే పెద్దలకు ఈ డేటా కంటికి ఆనలేదు.

ఇంతా చేసి ఆఫీసుకెళ్లిన ఉద్యోగి చేసేదేమిటి? ట్రాఫిక్‌లో చచ్చీ చెడీ చేరి, ఖాళీ కుర్చీ వెతుక్కుని, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, వేరే ఊళ్లో ఉన్న టీమ్‌తో వీడియో కాల్‌లో కూర్చుంటాడు. పక్క సీటావిడ ఇంకో కాల్‌లో ఉంటుంది. ఈయన మ్యూట్ తీస్తే ఆవిడ గొంతు వీళ్ల మీటింగ్‌లో వినిపిస్తుంది. గది దొరకనివాళ్లు మెట్ల మీద మాట్లాడుకుంటారు. కార్డు గీకి, కాఫీ తాగి ఇంటిదారి పట్టేవాళ్లూ ఉన్నారు. దానికి కాఫీ బ్యాడ్జింగ్ అని పేరు కూడా పెట్టారు!

పైవాళ్లకు ఈ తిప్పలుండవు. స్టార్‌బక్స్ సీఈఓ బ్రయన్ నికోల్ 2024లో చేరేటప్పుడే కాలిఫోర్నియాలోని తన ఊళ్లో ఆఫీసు, ప్రధాన కార్యాలయమున్న సియాటిల్‌కు వచ్చిపోవడానికి కంపెనీ విమానం రాయించుకున్నారు. ఏడాది తిరిగేసరికి అక్కడి కార్పొరేట్ సిబ్బందికి వారానికి నాలుగు రోజుల హాజరు తప్పనిసరి అయింది.

మీ మాట నమ్మి ఊరు మారినవాళ్లున్నారు. అప్పు చేసి ఇల్లు కొన్నవాళ్లున్నారు. ముసలి తల్లిదండ్రుల దగ్గరకు చేరినవాళ్లున్నారు. ఒక్క మెయిల్‌తో ఇవన్నీ చెరిపేయొచ్చని తేలిపోయాక, రేపు మీరిచ్చే ఏ హామీని ఎవరు నమ్మాలి? మనుషుల్ని తగ్గించుకోవాలనుకుంటే ఆ ముక్క నేరుగా చెప్పి, పరిహారం ఇచ్చి పంపండి. విసుగెత్తి వాళ్లంతట వాళ్లే రాజీనామా చేసేదాకా హాజరు పట్టీ పట్టుకుని కూర్చోవడానికి సిగ్గుండాలి.